సూది భయంతోనే కాలిగోరు ఆపరేషన్ గట్టెక్కడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కాలి బొటనవేలి గోరు పక్క కండలోకి దిగి, చీము పట్టి, చెప్పు కూడా వేసుకోలేని స్థితిలో మా మైనర్ ఓటీకి, అంటే చిన్న ఆపరేషన్లు చేసే గదికి, వచ్చేవారు మొదట అడిగేది గోరు గురించి కాదు. "సూది వేస్తారా సిస్టర్?" అని. నేను పన్నెండేళ్ళుగా ఈ గదిలో నర్సుగా ఉన్నాను. కొన్ని క్షణాల సూది బాధకు జడిసి ఆరు నెలలు కుంటుతూ తిరిగినవారిని చూశాను. ఆ ఆరు నెలల బాధ వారికి అక్కర్లేదు, అదే నా ఆవేదన. ఒకే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కనుక ఇక్కడ రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు. మందులు, మోతాదుల విషయంలో మాత్రం మీ వేలిని చూసిన డాక్టరు మాటే వినండి.

## చేయించుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

సూది లేకుండా ఈ గోరు నయం కాదా?

మొదటి దశలోనే పట్టుకుంటే చాలాసార్లు అవుతుంది. గోరు పక్కన కాస్త ఎరుపు, నొక్కితే నొప్పి, అంతవరకే ఉంటే రోజుకు రెండు మూడు సార్లు పదిహేను నిమిషాలు గోరువెచ్చని నీళ్ళలో పాదం ఉంచండి. తడి తుడిచాక, మెత్తబడిన గోరు మూల కింద చిన్న దూది పోగు పెట్టి, రోజూ మార్చండి. ముందుభాగం ఇరుకైన బూట్లు మానేయండి. రెండు మూడు వారాల్లో తేడా తెలుస్తుంది.

చీము కారుతూ, ముట్టుకుంటే నెత్తురు వచ్చే మెత్తటి ఎర్రకండ గోరు మీదికి పెరిగిందంటే ఆ దశ దాటినట్టే. యాంటీబయాటిక్ మాత్రలతో వాపు తగ్గుతుంది, మానేయగానే మళ్ళీ వస్తుంది. కాలిలో దిగిన ముల్లు తీయకుండా మందు రాస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే. గుచ్చుకుంటున్న గోరు అంచును తీసేయాలి. షుగరు ఉన్నవారు, పాదాలకు రక్తప్రసారం తక్కువగా ఉన్నవారు మొదటి దశలో కూడా ఇంట్లో ప్రయత్నించకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

వేలికి నిమ్మకాయ తొడిగితే తగ్గిపోతుందని ఇంట్లో పెద్దవాళ్ళు అంటున్నారు. నిజమేనా?

నిమ్మకాయ చిట్కా చేతివేలి గోరుచుట్టుకు మన ఇళ్ళలో తరతరాలుగా ఉంది. చల్లగా ఉండి కాసేపు హాయి అనిపించవచ్చు. కానీ కండలోకి దిగిన గోరు అంచును నిమ్మరసం వెనక్కి లాగలేదు. పైగా చర్మం పగిలిన చోట ఆ పులుపు మంట పుట్టిస్తుంది. పుండు ఉంటే వద్దు.

ఆ సూదులేవో లేకుండా, ఓర్చుకుంటాను, గోరు కోసేయండి అంటే కోయరా?

కోయరు, కోయకూడదు. గోరు కింద నరాల కొసలు చాలా దట్టంగా ఉంటాయి. అప్పటికే వాచి ఉన్న వేలి మీద మత్తు లేకుండా కత్తెర పెట్టడమంటే అచ్చంగా గోరుచుట్టు మీద రోకటిపోటే. మత్తు సూది బాధ కొన్ని క్షణాలది. అది లేకపోతే పని జరిగినంతసేపూ బాధే, మీరు కాలు లాక్కుంటే కోయకూడని చోట కోసే ప్రమాదం కూడా ఉంది.

ఇంత వయసు వచ్చి సూదికి భయపడటం సిగ్గుగా ఉంది. నా ఒక్కడికే ఇలా ఉంటుందా?

లేదు. నెత్తురు, గాయం, ఇంజెక్షన్ల పట్ల తీవ్రమైన భయాన్ని వైద్యశాస్త్రం ఒక ప్రత్యేకమైన రకంగా గుర్తించింది. జీవితంలో ఏదో ఒక దశలో నూటికి ముగ్గురు నలుగురికి అది ఉంటుందని అంచనా. చాలా కుటుంబాల్లో తండ్రికో తల్లికో కూడా ఉంటుంది. ఇది ధైర్యానికి సంబంధించిన విషయం కాదు. రాత్రంతా ఘాట్ రోడ్డు మీద లారీ నడిపి వచ్చిన మనిషి, ట్రేలో సిరంజి చూసి తెల్లగా పాలిపోయి గోడకు జారగిలబడటం నేను చూశాను. మెలకువ రాగానే ఆయన అన్న మొదటి మాట, "మా వాళ్ళకు చెప్పకండమ్మా" అని. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. దాచుకోవలసింది ఏమీ లేదు అందులో.

సూది చూస్తే కొందరు పడిపోతారు, కొందరు పారిపోతారు. రెండూ ఒకటేనా?

కాదు. ఈ పేజీలో ఒక్క మాటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి: మీది ఏ రకమో తెలియకుండా చిట్కా వాడకండి.

ఒక రకంలో గుండె దడదడలాడుతుంది, ఊపిరి వేగం అందుకుంటుంది, అక్కడినుంచి లేచి వెళ్ళిపోవాలనిపిస్తుంది, కానీ స్పృహ తప్పదు. ఇంకో రకంలో ముందు గుండె వేగం, రక్తపోటు పెరిగి, అంతలోనే రెండూ ఒక్కసారిగా పడిపోతాయి. చెవుల్లో హోరు, చల్లటి చెమట, కడుపులో తిప్పడం, కళ్ళు బైర్లు కమ్మడం, ఆ తర్వాత సొమ్మసిల్లడం. మొదటి రకానికి శరీరాన్ని వదులు చేసుకోవడం మంచిది. రెండో రకానికి అదే చేస్తే, అప్పటికే పడిపోతున్న రక్తపోటు ఇంకా పడిపోవచ్చు. వారు కండరాలు బిగించాలి. "ఏం కాదు, వదులుగా ఉండు" అని అందరికీ ఒకే సలహా ఇవ్వడం వల్ల ఎంతోమంది అనవసరంగా పడిపోతున్నారు.

## తేదీ ఖాయమైన తర్వాత

నా భయం సంగతి ముందే చెప్పాలా? చెబితే నవ్వుతారేమో.

తప్పకుండా చెప్పండి, అదీ బల్ల ఎక్కాక కాదు, తేదీ తీసుకునేటప్పుడే. "నాకు సూదంటే భయం" అన్నంతమాత్రాన సరిపోదు. "మూడేళ్ళ కిందట రక్తపరీక్షలో పడిపోయాను, నన్ను పడుకోబెట్టి వేయండి, సిరంజి నా కంటపడనివ్వకండి" అని చెబితే మాకు ఏం చేయాలో తెలుస్తుంది. నోటితో చెప్పలేకపోతే చీటీ మీద రాసి ఇవ్వండి. రద్దీ తక్కువ ఉండే వేళ అడగండి. ఎవరైనా నవ్వితే ఆ తప్పు వారిదే. ఇంకొకరిని పిలవమని అడిగే హక్కు మీకుంది.

మొత్తం ఎన్ని సూదులు పడతాయి?

వేలిని మొద్దుబార్చడానికి సాధారణంగా రెండు, బొటనవేలి మొదట్లో అటొకటి, ఇటొకటి. కొందరు డాక్టర్లు మూడోది కూడా వేస్తారు. ఇవిగాక మన దగ్గర రెండు అదనంగా ఎదురుకావచ్చు, వాటి గురించి ముందే అడగండి. ఒకటి, మత్తుమందు పడుతుందో లేదో చూడటానికి చేతి చర్మం కింద వేసే టెస్ట్ డోస్. కొన్ని ఆసుపత్రుల్లో వేస్తారు, కొన్నింట్లో వేయరు. రెండోది ధనుర్వాతం టీకా, మన వాడుకలో టీటీ. ఇప్పుడు దాని స్థానంలో టీడీ, అంటే ధనుర్వాతంతో పాటు డిఫ్తీరియాకు కూడా కలిపిన టీకా, ఇస్తున్నారు. చిన్నప్పటి టీకాలన్నీ పూర్తయి ఉంటే, శుభ్రమైన చిన్న గాయానికి 10 ఏళ్ళు, మురికి గాయానికి 5 ఏళ్ళు దాటితేనే మళ్ళీ డోసు అవసరమని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. కాబట్టి చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో కాగితం దొరికితే తీసుకురండి, ఒక సూది తగ్గవచ్చు.

లెక్క ముందే తెలియడం చాలా మేలు చేస్తుంది. రెండే అనుకుని వచ్చినవారికి మూడోది కనబడినప్పుడే ధైర్యం సడలుతుంది.

నాకు కళ్ళు తిరుగుతాయి. ముందునుంచి ఏదైనా సాధన చేయవచ్చా?

చేయవచ్చు, ఫలితం బాగుంటుంది. కండరాలు బిగించి వదిలే ఈ సాధనను 1980లలో స్వీడన్‌కు చెందిన మనస్తత్వవేత్త లార్స్ గోరాన్ ఓస్ట్ సూది, నెత్తురు భయం ఉన్నవారి కోసం రూపొందించారు.

కుర్చీలో కూర్చోండి. చేతులు పిడికిళ్ళు బిగించండి, భుజాలు, పొట్ట, తొడలు కూడా బిగించండి. ముఖంలోకి వేడి ఎక్కుతున్నట్టు అనిపించేదాకా, అంటే 10 నుంచి 15 సెకన్లు అలాగే ఉంచండి. ఊపిరి మాత్రం బిగబట్టకండి. తర్వాత వదిలేయండి, పూర్తిగా వాలిపోకుండా మామూలు స్థితికి రండి. 20, 30 సెకన్లు ఆగి మళ్ళీ చేయండి. అలా ఐదుసార్లు. వారం రోజులు, రోజుకు నాలుగైదు విడతలు చేస్తే బల్ల మీద శరీరం తనంతట తనే అందుకుంటుంది. కండరాలు బిగిసినప్పుడు రక్తపోటు పెరుగుతుంది, స్పృహ తప్పడానికి కారణమైన ఆ పతనాన్ని అదే ఆపుతుంది.

ఆపరేషన్ రోజున సూది పడే పాదాన్ని మాత్రం వదులుగా ఉంచి మిగతా శరీరం బిగించాలి. ఇంట్లో దీన్ని కూడా సాధన చేయండి, మొదట్లో కాస్త కష్టం. అధిక రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడిగి మొదలుపెట్టండి.

నేను పడిపోను గానీ గుండె అదిరిపోతుంది, ఊపిరాడదు. నాకేమిటి దారి?

నెమ్మదిగా ఊపిరి వదలడం. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, వేడి పాలు ఊదినట్టు పెదాలు సున్నాలా చుట్టి ఆరేడు అంకెల దాకా వదలండి. పీల్చడం కంటే వదలడం ఎక్కువసేపు ఉండాలి. మీకు కంఠతా వచ్చిన పద్యమో, పాటో, స్తోత్రమో ఉంటే దాన్ని గొంతెత్తి చదివినా అదే పని జరుగుతుంది. ఒక రిటైరయిన తెలుగు మాస్టారు సూది పడుతున్నంతసేపూ గజేంద్రమోక్షం చదివారు. డాక్టరు గారు పద్యం పూర్తయ్యేదాకా కత్తెర తీయకుండా ఆగారు.

మొద్దుబార్చే క్రీము రాసుకొని రావచ్చా?

డాక్టరు రాసిస్తే రావచ్చు. లిడోకైన్ 2.5 శాతం, ప్రిలోకైన్ 2.5 శాతం కలిసిన క్రీము మందుల షాపుల్లో దొరుకుతుంది. సూది పడే చోట మందంగా పెట్టి, పైన ప్లాస్టిక్ పొర అంటించి కనీసం గంటసేపు ఉంచాలి. చాలామంది అయిదు నిమిషాల ముందు రాసి, పనిచేయలేదని అంటారు. ఎక్కడ రాయాలో ముందే పెన్నుతో గుర్తు పెట్టించుకోండి. సూది గోరు దగ్గర పడదు, వేలి మొదట్లో పడుతుంది. అది చర్మం పైపొరనే మొద్దుబారుస్తుంది, కాబట్టి గుచ్చే బాధ తగ్గుతుంది, లోపల మందు వెళ్ళేటప్పటి మంట పూర్తిగా పోదు. పుండు మీద రాయకండి. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము పుట్టుకతో తక్కువగా ఉండటం) ఉన్నవారు ఆ మాట డాక్టరుకు చెప్పాలి.

ఏమీ తినకుండా రావాలా?

వేలికి మాత్రమే మత్తు ఇచ్చే ఈ పనికి సాధారణంగా ఉపవాసం అక్కర్లేదు. సూది భయం ఉన్నవారు ఖాళీ కడుపుతో వస్తే పడిపోయే అవకాశం పెరుగుతుంది. రెండు ఇడ్లీలు తిని, బయలుదేరే ముందు అర లీటరు నీళ్ళు తాగి రండి. మత్తు మాత్రో, పూర్తి మత్తో ఇస్తామని చెప్పి ఉంటే మాత్రం తినే సమయం వారు చెప్పినట్టే పాటించాలి.

ముందురోజు రాత్రి నిద్రమాత్ర వేసుకుంటే భయం తగ్గుతుందా?

ఇంట్లో ఉన్న మాత్ర, ఇంకొకరికి రాసిన మాత్ర వద్దు. భయం మరీ తీవ్రంగా ఉంటే ఆందోళన తగ్గించే మాత్రను డాక్టరే రాసిస్తారు. అది వేసుకున్న రోజున బండి నడపకూడదు, తోడు మనిషి తప్పనిసరి.

షుగరు మందులు, రక్తం పలచబడే మాత్రలు ఆపాలా?

మీ అంతట మీరు ఏదీ ఆపకండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి వాడుతుంటే ఆ చీటీ తెచ్చి చూపించండి. షుగరు ఉన్నవారికి ముందు పాదంలో నాడి, స్పర్శ చూసి, షుగరు స్థాయి తెలుసుకొని, అప్పుడు నిర్ణయిస్తారు.

## బల్ల మీద

లోపల ఏం జరుగుతుందో వరసగా చెప్పండి. తెలియకపోవడమే ఎక్కువ భయంగా ఉంది.

మిమ్మల్ని వెల్లకిలా పడుకోబెడతారు. పాదాన్ని గోధుమరంగు మందుతో తుడుస్తారు, చల్లగా ఉంటుంది. వేలు ఒక్కటే కనబడేలా ఆకుపచ్చ గుడ్డ కప్పుతారు. "గుచ్చుతున్నాను" అని చెప్పి సూది వేస్తారు. చురుక్కుమంటుంది, తర్వాత కొన్ని సెకన్లు మంట, వేలు ఉబ్బి బిగిసినట్టుంటుంది. రెండో వైపు కూడా అంతే. తర్వాత అయిదు పది నిమిషాలు ఎవరూ ఏమీ చేయరు.

ఈ అయిదు పది నిమిషాల గురించి చెప్పాలి. సూదుల పని అయిపోయిందని మీ మనసు ఇంకా నమ్మదు. మంచం కమ్మీని పట్టుకున్న వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉంటాయి. అప్పుడు నేను ఒక్కొక్క వేలే విడదీస్తాను. "అయిపోయింది, ఇక సూది లేదు" అని రెండుసార్లు చెబుతాను, ఎందుకంటే మొదటిసారి వినబడదు.

వేలు చెక్కలా అయ్యాక రక్తం రాకుండా మొదట్లో రబ్బరు పట్టీ బిగిస్తారు. గోరు అంచును సన్నని ముక్కగా నిలువునా కత్తిరించి తీస్తారు. లాగినట్టు, నొక్కినట్టు తెలుస్తుంది, నొప్పి తెలియదు. ఆ అంచు మళ్ళీ పెరగకుండా చాలాసార్లు గోరు మూలానికి ఫినాల్ అనే రసాయనం అద్దుతారు, ఘాటైన వాసన వస్తుంది. రబ్బరు పట్టీ తీసి కట్టు కడతారు. మొత్తం అరగంట లోపు.

గుచ్చడం కంటే మందు ఎక్కేటప్పుడే మంట అంటారు. దాన్ని తగ్గించే మార్గం లేదా?

ఉంది. మందు పేరు లిగ్నోకైన్, లిడోకైన్ అన్నా ఇదే. 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేశారు. ఆయన సహచరుడు బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ మొదట దాన్ని తన మీదే పరీక్షించుకున్నారు. సీసాలో నిలవ ఉండటానికి అది కొద్దిగా ఆమ్లగుణంతో ఉంటుంది, ఆ ఆమ్లమే మండిస్తుంది. చల్లగా ఉంటే, వేగంగా ఎక్కిస్తే ఇంకా మండుతుంది. అందుకే మూడు అడగండి: సన్నని సూది, శరీరం వేడికి వచ్చిన మందు, చాలా నెమ్మదిగా ఎక్కించడం. సూదుల గేజ్ అంకె పెరిగేకొద్దీ సూది సన్నం, 30 అంటే 26 కంటే సన్నం. కొందరు డాక్టర్లు సోడియం బైకార్బనేట్ కలిపి ఆ ఆమ్లాన్ని తగ్గిస్తారు. గుచ్చే చోటికి కాస్త పైన చర్మాన్ని ఎవరైనా వేలితో గట్టిగా రుద్దుతున్నా నొప్పి తక్కువ తెలుస్తుంది. వీటిలో నా కళ్ళ ముందు ఎక్కువ తేడా తెచ్చింది నెమ్మదితనమే. తొందరలో ఉన్న చెయ్యి, తొందర లేని చెయ్యి ఒకే మందును వేర్వేరు మందుల్లా వేస్తాయి.

చూడాలా, కళ్ళు మూసుకోవాలా?

చాలామందికి చూడకపోవడమే నయం. మోకాళ్ళ దగ్గర గుడ్డ అడ్డం కట్టమని అడగండి. చూడకపోతే ఇంకా భయపడేవారూ ఉన్నారు, వారు చూడవచ్చు. మీకు ఏది నప్పుతుందో ముందే చెప్పండి.

మధ్యలో ఆపమనవచ్చా?

అనవచ్చు. మాటతో కాకుండా చేత్తో సంకేతం పెట్టుకోండి, ఎడమ చెయ్యి ఎత్తితే ఆగాలని. కాలు మాత్రం లాక్కోకండి. నేను చూసినంతలో, ఆపించగలమని తెలిసినవారు ఆ చెయ్యి ఎత్తడం చాలా అరుదు.

మొద్దుబారక ముందే కోసేస్తే?

ముందు మొనతో తాకి పరీక్షిస్తారు. తాకిడి, ఒత్తిడి తెలుస్తాయి, అది మామూలే. పదునుగా తెలిస్తే "గుచ్చుకుంటోంది" అని వెంటనే చెప్పండి. చీము ఎక్కువగా ఉన్నచోట మందు ఆలస్యంగా, తక్కువగా పనిచేస్తుంది. కాసేపు ఆగుతారు, లేదా ఇంకాస్త మందు ఇస్తారు.

కళ్ళు తిరుగుతున్నట్టు అనిపిస్తే?

ఓర్చుకోకుండా చెప్పేయండి. పడుకునే ఉన్నారు కాబట్టి పడి దెబ్బ తగిలే భయం లేదు. కాళ్ళు పైకెత్తి ఉంచితే సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో తేరుకుంటారు. అయిపోయాక దిగ్గున లేవకండి, పది నిమిషాలు కూర్చొని లేవండి.

## పిల్లల విషయంలో

మా అబ్బాయికి పదకొండేళ్ళు. సూది లేదని చెప్పి తీసుకువస్తే సులువు కదా?

ఆ ఒక్క రోజుకు సులువు. ఆ తర్వాత వాడు మిమ్మల్నీ నమ్మడు, ఏ ఆసుపత్రినీ నమ్మడు. "రెండుసార్లు చురుక్కుమంటుంది, పది అంకెలు లెక్కపెట్టేసరికి తగ్గుతుంది, నేను పక్కనే ఉంటాను" అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఎప్పుడు చెప్పాలంటే, ముందురోజు చాలు, వారం ముందు చెబితే వారమంతా బెంగపడతాడు. ఏడిస్తే ఏడవనివ్వండి, కాలు కదలకపోతే చాలు.

ఇంకో మాట, చేతులెత్తి అడుగుతున్నాను. "అన్నం తినకపోతే డాక్టరు చేత సూది వేయిస్తా" అనే బెదిరింపు మన ఇళ్ళలో ఇంకా ఉంది. సూదిని శిక్షగా నేర్పినది మనమే. నలభై ఏళ్ళ మనిషి బల్ల మీద వణుకుతున్నప్పుడు ఆయనలో నాకు అన్నం కంచం ముందు కూర్చున్న పిల్లవాడు కనబడతాడు. ఈ రోజునుంచి ఆ మాట మానేయండి.

## ఇంటికి వచ్చాక

మత్తు దిగాక నొప్పి భరించగలనా?

మొద్దుతనం గంట, రెండు గంటలు ఉంటుంది. అది దిగకముందే డాక్టరు రాసిన నొప్పి మాత్ర, చాలావరకు పారాసెటమాల్, వేసుకోండి. మొదటి రోజు పాదాన్ని రెండు దిండ్ల మీద ఎత్తుగా పెట్టండి. ఎత్తితే సలుపు తగ్గడం మీకే తెలుస్తుంది. బండి మీరు నడపకుండా ఎవరినైనా తీసుకువెళ్ళమనండి, వేళ్ళు కనబడే వదులు చెప్పులు తెచ్చుకోండి.

కట్టు ఎప్పుడు విప్పాలి? పసుపు పెట్టవచ్చా?

సాధారణంగా ఒకటి రెండు రోజులకు మొదటి కట్టు మారుస్తారు. అతుక్కుపోతే లాగకండి, గోరువెచ్చని నీళ్ళలో నాననివ్వండి, తనే ఊడుతుంది. ఫినాల్ పెట్టి ఉంటే రెండు నుంచి నాలుగు వారాలు పలచటి రసి కారడం మామూలే. పసుపు, సున్నం, కాఫీపొడి ఏవీ పెట్టకండి. రోజూ శుభ్రంగా కడిగి, ఆరనిచ్చి, పొడి కట్టు కడితే చాలు.

ఏం కనబడితే వెంటనే పరుగెత్తాలి?

వేలు తెల్లగానో నీలంగానో మారి చల్లబడితే, మత్తు దిగాల్సిన సమయం దాటి చాలాసేపయినా స్పర్శ రాకపోతే, ఎత్తి పట్టి పది పదిహేను నిమిషాలు గట్టిగా నొక్కినా నెత్తురు ఆగకపోతే అదే రోజు వెళ్ళాలి. తర్వాతి రోజుల్లో జ్వరం, రోజురోజుకూ పెరిగే నొప్పి, పాదం మీదికి పాకే ఎరుపు కనబడినా ఆలస్యం చేయకండి.

గోరు మళ్ళీ మామూలుగా వస్తుందా? ఇకమీదట ఎలా కత్తిరించుకోవాలి?

అంచు మాత్రమే తీశారు కనుక మిగిలిన గోరు అలాగే ఉంటుంది, కాస్త సన్నగా కనబడుతుంది. మొత్తం గోరు తీసినవారికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది, ఎందుకంటే కాలి బొటనవేలి గోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లే పెరుగుతుంది. కత్తిరించేటప్పుడు అడ్డంగా, తిన్నగా కత్తిరించండి. మూలలను గుండ్రంగా లోపలికి తీయకండి. ఈ బాధకు చాలాసార్లు మొదలు అక్కడే.

రెండో కాలికి కూడా చేయాలన్నారు. మొదటిదే చాలనిపించింది. ఏం చేయను?

మొదటిది అయిన రోజు సాయంత్రమే ఒక కాగితం తీసుకోండి. సూది ఎన్ని సెకన్లు నొప్పి పెట్టింది, ఏది పనికొచ్చింది, ఏది పనికిరాలేదు, ఎవరు వేశారు, రాసుకోండి. వారం గడిస్తే భయం ఆ క్షణాలను నిమిషాలుగా పెంచి చూపిస్తుంది. రెండోసారి వచ్చేటప్పుడు ఆ కాగితం మాకు ఇవ్వండి. మొన్న ఒకమ్మాయి తెచ్చిన కాగితం మీద ఇలా ఉంది: "ఎడమ వైపు ఆరు సెకన్లు. కుడి వైపు నాలుగు. సిస్టర్ చెయ్యి పట్టుకోవాలి. ఫ్యాను ఆపొద్దు." మేము ఫ్యాను ఆపలేదు.